సీ డ్రైవ్ నిండిపోయింది, డీలో బోలెడు ఖాళీ: జాగా ఇటు తేవడం ఎలా?

సీ డ్రైవ్ 100 జీబీ నిండి ఎర్రగా చూపిస్తోంది, డీలో 300 జీబీ ఖాళీ ఉంది, డీని ష్రింక్ చేసినా (కుదించినా) సీ మీద దాన్ని పెంచే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ పనిచేయడం లేదు, డబ్బు కట్టకుండా దారి ఉందా అని అడిగారు. ఉంది. ముందు అది ఎందుకు పనిచేయడం లేదో చెప్తాను.

డీని ష్రింక్ చేస్తే వచ్చే ఖాళీ డీకి కుడి చివర పడుతుంది. సీకి కావాల్సింది తన కుడి పక్కన ఆనుకుని ఉన్న ఖాళీ. పక్క పొలం వాళ్ళు అవతలి గట్టు జరిపితే మన పొలం పెరగదు కదా, మనకీ వాళ్ళకీ మధ్య గట్టు జరగాలి. జీపార్టెడ్ లాంటి ఉచిత టూల్ ఆ పని చేస్తుంది, కానీ డీ మొదలు జరగాలంటే అందులోని డేటా మొత్తాన్ని చదివి పక్కకి మళ్ళీ రాయాలి, గంటలు పడుతుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

నాకు అది 2019లో తెలిసొచ్చింది. మర్రిపాలెంలో మా నాన్నగారి డెస్క్‌టాప్, డీలో 240 జీబీ డేటా, బ్యాకప్ లేదు. జీపార్టెడ్‌లో మూవ్ పెట్టి భోజనానికి లేచాను, ఇంతలో ఈదురుగాలి, వాన, కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంది. మళ్ళీ ఆన్ చేస్తే డీ ఫార్మాట్ చేయమంటోంది. పోయిన డ్రైవ్‌లని వెతికే టెస్ట్‌డిస్క్ అనే టూల్ ఆ పార్టిషన్‌ని, అంటే డిస్క్‌లో డీ ఉన్న భాగాన్ని, గుర్తుపట్టింది గానీ సగం డేటా పాత చోట, సగం కొత్త చోట ఉంటే ఫైళ్ళు ఎలా తెరుచుకుంటాయి? చివరికి పోయిన ఫైళ్ళని వెలికితీసే ఫొటోరెక్‌తో ఫొటోలు చాలావరకు తీశాను, కాకపోతే పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు, అన్నీ అంకెలే. సింహాచలం కొండ మీద జరిగిన మా అక్క పెళ్ళిలో తాళి కడుతున్న ఫొటో పై సగం బాగుంది, కింద సగం బూడిద రంగు. అమ్మ రోజూ సాయంత్రం కూర్చుని ఒక్కొక్కటీ చూసి విడదీసింది.

అందుకే ఇప్పుడు ఎవరడిగినా డేటాని జరిపించొద్దు, ఖాళీ చేయండి అంటాను. పోయినేడాది గాజువాకలో మా బావగారి కంప్యూటర్‌కి అలాగే చేశాను. డీలోవన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, కొన్ని ఫైళ్ళు అక్కడినుంచే తెరిచి చూసి, విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డీని డిలీట్ చేసి, సీని 150 జీబీ పెంచి, మిగిలిన దాంతో మళ్ళీ డీ అనే అక్షరంతోనే డ్రైవ్ చేశాను. కాపీకి రెండు గంటలు, మిగతాది ఐదు నిమిషాలు. డీలో ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేసి ఉంటే మాత్రం వాటిని మళ్ళీ వేసుకోవాల్సి రావచ్చు.

రెండు చోట్ల ఇది ఆగుతుంది. సీకీ డీకీ మధ్య చిన్న రికవరీ పార్టిషన్ (విండోస్ మొరాయిస్తే బాగుచేసే ఫైళ్ళుండే భాగం) ఉంటే సీ దాన్ని దాటలేదు. డీ చుట్టూ ఆకుపచ్చ గీత ఉంటే అది ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ (వేరే డ్రైవ్‌లని లోపల పెట్టుకునే పెద్ద పెట్టె లాంటిది) లోపల ఉన్నట్టు, ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో విభజించిన డిస్కుల్లో ఇలా ఉంటుంది, అప్పుడు డీని డిలీట్ చేసినా ఖాళీ లేత ఆకుపచ్చగానే ఉంటుంది, ఏ పార్టిషన్‌కీ చెందని ఖాళీని చూపే నల్ల పట్టీ రాదు, సీ తీసుకోదు. ఈ రెండిటికీ జీపార్టెడ్ లైవ్‌ని (విండోస్ లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే రకం) రూఫస్ అనే ఉచిత టూల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్‌ని దాన్నుంచి బూట్ చేయండి. రికవరీ పార్టిషన్ చిన్నదే కాబట్టి కుడికి జరపడం నిమిషాల పని, ఎక్స్‌టెండెడ్‌కి అయితే ఎడమ అంచుని కుడికి లాగితే చాలు, డీ ఖాళీ చేసేశారు కాబట్టి కదలాల్సిన డేటా ఏమీ ఉండదు.

జీపార్టెడ్ మొదలుపెట్టే ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ అవడానికి పూర్తిగా ఆపకుండా ఉంచే సెట్టింగ్) తీసేసి పూర్తిగా షట్‌డౌన్ చేయండి, లేకపోతే జీపార్టెడ్ సీని ముట్టుకోనంటుంది. బిట్‌లాకర్ (డ్రైవ్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం) ఉంటే పూర్తిగా తీసేయాలి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ ఉంది, డెస్క్‌టాప్ అయితే పనిచేసే యూపీఎస్ దొరికేదాకా ఆగండి, మన వైజాగ్‌లో అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల్లో అసలు మొదలుపెట్టకండి. అంతా అయ్యాక ఎక్స్‌టర్నల్‌లో ఉన్న కాపీని వెంటనే తుడిచేయొద్దు, కనీసం ఓ నెల అలాగే ఉంచండి.