ఇండోనేషియా సంప్రదాయ కళల్లో కొత్తదనం కలిపితే అసలుది దెబ్బతింటుందా?

గమెలాన్‌కి (ఎక్కువగా కంచు పలకలు, గంటలతో వాయించే బృంద సంగీతం) గిటార్లు, పాత నాట్యాలకి మోడర్న్ డాన్స్ కలిపేస్తుంటే అసలు కళ మిగులుతుందా అని అడిగారు. ఉద్యోగరీత్యా కొన్నాళ్లు బాలిలో ఉన్నాను. సాయంత్రాలు మా పేట బృందంతో కూర్చుని గమెలాన్ కాస్త నేర్చుకున్నాను. కలిపేవాళ్లు ఆ కళ లోపల పెరిగినవాళ్లయితే నిక్షేపంగా మిగులుతుందని నా నమ్మకం.

బాలిలో ఇవాళ మనం ప్రాచీనం అనుకునేవాటిలో చాలా వరకు ఒకప్పటి ప్రయోగాలే. మెరుపులా విరుచుకుపడే కెబ్యార్ శైలి 1915 ప్రాంతంలో ఉత్తర బాలిలో పుట్టింది. మారియో అనే కళాకారుడు 1925లో ఆ సంగీతానికి 'కెబ్యార్ దుడుక్' అనే నాట్యం కూర్చాడు. నర్తకుడు దాదాపు అంతా కూర్చునే ఆడతాడు. ఇప్పుడది సంప్రదాయ నాట్యం కిందే లెక్క.

కలపడం ఎంత కష్టమో వాద్యం ముందు కూర్చుంటేనే తెలుస్తుంది. మా దగ్గర కాగితం మీద రాసిన స్వరాలేవీ లేవు. గురువుగారు వాద్యానికి అటువైపు, మనకి ఎదురుగా కూర్చుని వాయించి చూపిస్తారు. కుడిచేతిలోని సుత్తితో కంచు పలకని కొట్టాలి. తర్వాతి పలక మోగే క్షణానికి ముందుదాన్ని ఎడమచేతి వేళ్లతో పట్టి ఆపేయాలి, లేకపోతే అంతా కలగాపులగం. మనం వదిలిన ఖాళీల్లో పక్కాయన వాయిస్తాడు. ఇద్దరి దెబ్బలూ అల్లుకుంటేనే అది పాట. అన్నట్టు, వాద్యాల మీదుగా ఎవరూ దాటరు, మనం గజ్జెలకి దణ్ణం పెట్టుకున్నంత భక్తి.

పైగా వాద్యాలు జంటలుగా ఉంటాయి. ఒకే స్వరాన్ని ఒకదాంట్లో రవ్వంత తగ్గించి, రెండోదాంట్లో పెంచి శ్రుతి చేస్తారు. అందుకే ఆ నాదం అలలా ఊగుతుంది. ఒక ఊరి సెట్టు శ్రుతి ఇంకో ఊరి సెట్టుకి కలవదు. అలాంటిదాని పక్కన మామూలు కీబోర్డ్ పెడితే ఆ ఊపే పోతుంది. ఒక హోటల్ డిన్నర్ షోలో రికార్డు చేసిన గమెలాన్ మీద డ్రమ్ మెషీన్ వాయించారు. నాకు బాధేసింది.

బాలిలోనే ఉబుద్ పట్టణం దగ్గరి స్వరకర్త దేవా అలిట్ దారి వేరు. ఆయన 2007లో 'గమెలాన్ సలుకట్' బృందం పెట్టి, తానే ఆలోచించిన కొత్త శ్రుతితో వాద్యాల సెట్టే చేయించాడు. జావా దీవిలోని జోగ్జకర్తాకి చెందిన 'సెన్యావా' సంగీత ద్వయంలో వుకిర్ సుర్యాది వెదురు బొంగుతో సొంత వాద్యం తయారుచేసుకున్నాడు. రుల్లీ షబారా గొంతుతో గర్జిస్తాడు, గుసగుసలాడతాడు. వాళ్లది మెటల్ సంగీతమంత ఉధృతం, అయినా వింటే ఆ నేలదే అనిపిస్తుంది.

నాట్యంలో ఎకో సుప్రియాంతోని చూడండి. జావా నాట్యంలో పెరిగి, 2001లో మడోనా టూర్‌లో ఆడినవాడు. తర్వాత హల్మహేరా దీవిలోని జైలోలోకి వెళ్లి, అక్కడి కుర్రాళ్లతో, అక్కడి నాట్యాల అడుగులతోనే 'క్రై జైలోలో' చేశాడు. దెబ్బతిన్న పగడపు దిబ్బల గోడు అందులో ఉంది. బయటి నర్తకుల్ని తెచ్చి పెట్టి ఉంటే అంత బలం వచ్చేది కాదు.

వీలైతే జూన్, జులైలలో డెన్‌పసార్‌లో జరిగే బాలి ఆర్ట్స్ ఫెస్టివల్‌కి వెళ్లండి. రెండు గాంగ్ కెబ్యార్ బృందాలు ఒకే వేదిక మీద ఎదురెదురుగా కూర్చుని పోటీపడే రాత్రికి ముందే వెళ్లి చోటు చూసుకోండి, కుటుంబాలకి కుటుంబాలే వచ్చేస్తాయి.