రంగు వదిలిన జంపఖానా, పడిపోయిన రేటింగ్

ప్రశ్న: అక్కా, మాది వరంగల్ కొత్తవాడ. మా మామయ్య నేసే జంపఖానాలను ఏడాదిగా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. ఒక ఎర్ర బ్యాచ్ ఉతికితే రంగు వదిలింది. ఇప్పటికి 20 రేటింగులు, సగటు 2.8. ఆర్డర్లు ఆగిపోయాయి. తెలిసినవాళ్లతో ఐదేసి స్టార్లు ఇప్పిద్దామని మా తమ్ముడు అంటున్నాడు. ఏం చేయను?

జవాబు: తమ్ముడి మాట వినకు చెల్లీ. దొరికిపోతే ఉన్న ఖాతా కూడా పోతుంది. లెక్క చూడు: ఇప్పుడు నీకున్నవి 56 స్టార్లు. సగటు 4కి రావాలంటే వరుసగా 24 మంది ఐదు ఇవ్వాలి. నెలలు పట్టే పని, టెన్షన్ పడకు.

ముందు ఆ ఎర్ర సరుకు అమ్మడం ఆపెయ్యి. ఇకమీదట ప్రతి రంగు నూలునూ కొంచెం తీసి, తెల్ల గుడ్డలో చుట్టి, సబ్బు నీళ్లలో నానబెట్టు. గుడ్డకు రంగు అంటితే ఆ నూలు మగ్గం ఎక్కకూడదు. హన్మకొండలో చీరలు అమ్మే రోజుల్లో నేనీ పని చేయలేదు. ఒకావిడకు పెళ్లి చీర డబ్బు మొత్తం తిరిగిచ్చాను. ఆవిడ ముఖం ఇప్పటికీ గుర్తే.

చెడ్డ రివ్యూల కింద వాదించకు. ‘తప్పు మాదే, మార్చి పంపుతాం’ అని రాయి, అన్నట్టే పంపు. ఆ జవాబు చదివేది కొత్తగా కొనేవాళ్లు. ఫొటోలు ట్యూబ్‌లైటు కింద కాదు, పొద్దున వాకిట్లో తియ్యి. మొదటిసారి విడిగా, చన్నీళ్లలో ఉతకమని చీటీ పెట్టు.

అన్నట్టు, వరంగల్ దర్రీలకు, అంటే మన జంపఖానాలకే, 2018లో భౌగోళిక గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చెప్పే జీఐ ముద్ర) వచ్చింది. ఆ ముద్ర వాడుకునేలా మామయ్య పేరు నమోదైందో లేదో కనుక్కో.