మొదటి పేపరు పంపే ముందే మీ పేరు ఖాయం చేసుకోండి

అమెరికాలో దిగిన పిల్లలు ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) గురించి అడుగుతారు, లీజు గురించి అడుగుతారు. పరిశోధన పేపరు మీద పేరెలా వేసుకోవాలని మాత్రం ముందుగా ఎవరూ అడగరు. ఆ సందేహం వచ్చేసరికి రెండు మూడు పేపర్లు రెండు మూడు రకాల పేర్లతో అచ్చయిపోయి ఉంటాయి.

ఇందులో మనవాళ్లకు చిక్కు ఎక్కువ. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి పొడి అక్షరంగానే ఉంటుంది. ఇక్కడి ఫారాల్లో అది చివరికి పోతుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటే వీసా మీద ఎఫ్ఎన్‌యూ, అంటే ‘మొదటి పేరు తెలియదు’ అని పడుతుంది, కొన్నిచోట్ల యూనివర్సిటీ రికార్డుల్లోకీ అదే ఎక్కుతుంది. ఇక ఒక పొడి అక్షరం పక్కన రెడ్డి, రావు, కుమార్ అని వెతికితే ఎంతమంది తేలతారో మీరే చూడండి. అందులో మీ పేపరు ఏదో ఎవరు చెప్పగలరు?

అందుకే రాగానే ఆర్కిడ్ నంబరు తీసుకోండి. పరిశోధకులు ఒక్కొక్కరినీ విడిగా గుర్తుపట్టడానికి ఇచ్చే నంబరు అది. ఓఆర్‌సీఐడీ అని రాస్తారు. 2012 అక్టోబరులో మొదలైంది, లాభాపేక్ష లేని సంస్థ నడుపుతుంది, మనకు పైసా ఖర్చు లేదు. పదహారు అంకెలుంటాయి, చివరిది ఒక్కోసారి ఎక్స్ అక్షరం కావచ్చు. బడి మారినా, ఉద్యోగం మారినా, పేరు మారినా ఆ నంబరు మారదు. సొంత ఈమెయిలుతో తెరిచి, యూనివర్సిటీ ఈమెయిలును రెండోదిగా చేర్చండి. చదువయ్యాక యూనివర్సిటీ మెయిలు ఆగిపోతే ఖాతాలోకి వెళ్లడమే కష్టమవుతుంది. మీ పేరు ఎన్ని రకాలుగా అచ్చయిందో అన్నీ అందులో రాయొచ్చు, తెలుగు లిపిలో కూడా. పేపరు పంపేటప్పుడు ఆ నంబరు ఇచ్చి, పేపర్ల వివరాలు నమోదుచేసే క్రాస్‌రెఫ్ సంస్థకు అనుమతి ఇస్తే, అచ్చయిన పేపరు దానంతటదే మీ ఖాతాలో చేరుతుంది. కొత్త చోటికి వెళ్లినప్పుడు ఇంకోటి తెరవకండి.

పరిశోధన పేపర్లు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ విషయంలో నేను గట్టిగానే చెబుతాను. అది పేరు పోలికతో ఇతరుల పేపర్లు కూడా మీ ప్రొఫైల్లో చేర్చేస్తుంది. మిమ్మల్ని అడిగాకే చేర్చేలా సెట్టింగు మార్చండి. రేపు గ్రీన్‌కార్డు కోసం ఎన్‌ఐడబ్ల్యూకో ఈబీ-1కో పిటిషన్ వేస్తే లాయరు మొదట అడిగేవాటిలో ఆ సైటేషన్ల (మీ పేపర్లను ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారో చూపే) పేజీ ఒకటి. మీది కాని పేపరు ఒక్కటి అందులో కనబడినా మీ నిజమైన పని మీదకూడా అనుమానం వస్తుంది. పేపర్ల వివరాలు భద్రపరిచే స్కోపస్ అనే డేటాబేస్ అయితే మీరు అడగకపోయినా ప్రొఫైల్ తయారుచేస్తుంది, ఒకే మనిషిని ఇద్దరిగా చూపించడమూ ఉంది. కలపమని అడిగితే ఉచితంగానే కలుపుతారు.

కంపెనీల్లో ఉంటూ ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్‌లో పనిచేసేవాళ్లకు ఇంకో మాట. అక్కడి ప్రమాణాలు అచ్చయ్యే పత్రం ఆర్‌ఎఫ్‌సీ ఒకసారి వెలువడితే అందులో అక్షరం మార్చరు. ఉద్యోగం మారితే కంపెనీ మెయిలు పనికిరాదు కాబట్టి, కంపెనీ ఒప్పుకుంటే రచయిత చిరునామా దగ్గర సొంత ఈమెయిలు ఇవ్వండి.

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకునే అమ్మాయిలు పేపర్ల మీద పాత పేరే కొనసాగించవచ్చు, పాస్‌పోర్టుతో దానికి సంబంధం లేదు. మార్చుకోవాలనుకుంటే కొత్త పేరు ఆర్కిడ్‌లో చేర్చండి, పాతది తీసేయకండి.