చేల బొమ్మలు వేసే అమ్మాయిని బీఎఫ్‌ఏలో చేర్పించాలా?

ప్రశ్న: మాది కోనసీమ. కొంచెం వరి చేను, కొంచెం కొబ్బరి ఉంది. మా పెద్దమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాదిలోకి వచ్చింది. మార్కులు బాగానే వస్తాయి. కానీ కాలేజీ నుంచి రాగానే రంగులు పట్టుకుని చేలోకి వెళ్లిపోతుంది. చేలు, కాలవ గట్టు, కొబ్బరితోట తప్ప వేరే బొమ్మ వేయదు. ఇప్పుడు ఇంజనీరింగ్ వద్దు, బొమ్మలు నేర్పే డిగ్రీ బీఎఫ్‌ఏ చేస్తానంటోంది. ఈ బొమ్మలు అన్నం పెడతాయా? ఇంజనీరింగ్ చదివి ఆదివారాలు బొమ్మలు వేసుకోమనడం తప్పా? – ఒక తండ్రి

జవాబు: నమస్కారమండీ. మీరు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కాయకష్టం చేసి పిల్లల్ని చదివించే ఏ తండ్రికైనా ఈ టెన్షన్ ఉంటుంది. కాబట్టి ముందు అన్నం సంగతే మాట్లాడతాను.

ల్యాండ్‌స్కేప్‌లు అమ్ముకుని, ఆ డబ్బుతోనే ఇల్లు గడుపుకునేవాళ్లు చాలా తక్కువమంది. డిగ్రీ చేతికి రాగానే మీ అమ్మాయి అలా బతుకుతుందని నేను మాట ఇవ్వలేను. అయితే ఆరుబయట కూర్చుని చూసి వేయడం వల్ల కంటికి, చేతికి వచ్చే పనితనానికి జీతం ఇచ్చే చోట్లు ఉన్నాయి. యానిమేషన్, గేమ్ స్టూడియోల్లో బ్యాక్‌గ్రౌండ్ ఆర్టిస్టులు ఉంటారు. ఒకే ఊరిని తెల్లవారుజామున, మిట్టమధ్యాహ్నం, వాన వెలిసిన సాయంత్రం ఎలా ఉంటుందో వేసి చూపించడం వాళ్ల పని. హైదరాబాద్‌లో ఇలాంటి స్టూడియోలు ఉన్నాయి. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే పని ఉంది. నవోదయ విద్యాలయాల్లో ఆర్ట్ టీచర్ పోస్టులు ఉంటాయి. బీఎఫ్‌ఏ తర్వాత పీజీ అయిన ఎంఎఫ్‌ఏ చేసి, లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో విజువల్ ఆర్ట్స్ పాసైతే కాలేజీలో పాఠం చెప్పవచ్చు. కంప్యూటరే బొమ్మలు వేసేస్తున్న ఈ రోజుల్లో మామూలు రకం పనులు కొన్ని తగ్గుతాయనే నేను అనుకుంటున్నాను. అందుకే చూసి వేయగలిగినవాళ్లకు, వెలుగు ఎక్కడ తప్పు పడిందో చెప్పగలిగినవాళ్లకు విలువ ఉంటుందని కూడా నమ్ముతున్నాను.

ఇంజనీరింగా, బీఎఫ్‌ఏనా అని ఈ వారమే తేల్చాల్సిన అవసరం లేదు. మీ చేతిలో ఇంచుమించు ఒక ఏడాది ఉంది, పక్కనే చేను ఉంది. ఆ ఏడాదిని ఎలా వాడుకోవాలో చెబుతాను. ఇక్కడి నుంచి మీ అమ్మాయితో చదివించండి.

చూడమ్మా, రోజుకో కొత్త చోటు వెతుక్కోవద్దు. మీ చేలోనో, కాలవ గట్టు మీదో ఒక్క చోటు ఎంచుకో. అక్కడే కూర్చుని, అదే దృశ్యాన్ని ఏడాది పొడవునా వెయ్యి. క్లోద్ మోనే అనే ఫ్రెంచ్ చిత్రకారుడు 1890, 91 సంవత్సరాల్లో తన ఇంటికి దగ్గరలోని పంట కుప్పలనే మళ్లీ మళ్లీ వేశాడు. వెలుగు మారగానే ఒక కాన్వాస్ పక్కన పెట్టి ఇంకోటి అందుకునేవాడు. కుప్పలు అవే. వాటి మీద పడే ఎండ, మంచు, సాయంత్రం మాత్రం వేరు. మీ దగ్గరా కోతలయ్యాక కుప్పలు పడతాయి కదా.

క్యాలెండర్ కూడా మీ నాన్నగారి దగ్గరే ఉంది. ఏ కార్తెలో చేను ఎలా ఉంటుందో ఆయన్ని అడుగు. ధవళేశ్వరం నుంచి కాలవలకు నీళ్లు వదిలాక నారుమళ్లు పోస్తారు. అప్పటి పచ్చ లేతది, అందులో పసుపు ఎక్కువ. వానాకాలపు పంట సార్వా నాట్లు పడిన కొత్తలో చేలో పచ్చ కంటే నీళ్లే ఎక్కువ కనిపిస్తాయి. నువ్వు నిజానికి వేయాల్సింది ఆ నీళ్లలో పడిన మబ్బుల్ని. పొట్ట మీదున్న చేను నీలం కలిసిన ముదురు పచ్చ. కంకి బయటికి వచ్చాక పచ్చ మీద పసుపు పొర కమ్ముతుంది. జనవరిలో రెండో పంట దాళ్వా నాట్లప్పుడు మళ్లీ చేలో నీళ్లుంటాయి, కానీ పైన వానాకాలపు మబ్బు ఉండదు. పొద్దుటి మంచులో దూరపు కొబ్బరితోట దాదాపు ఆకాశం రంగులోనే కలిసిపోతుంది. ఇక రోహిణి కార్తెలో ఎండకు రంగులన్నీ వెలిసిపోయి, నీడలు చెట్టు మొదట్లోకి ముడుచుకుంటాయి. ట్యూబులో వచ్చే ఆకుపచ్చ ఒక్కటే పెట్టుకుని ఇవన్నీ వేయలేవు. రెండు రకాల పసుపు, రెండు రకాల నీలం, కొంచెం బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు పెట్టుకుని పచ్చని నువ్వే కలుపుకో. ఈ ఒక్క అలవాటుతో నీ బొమ్మలు మారిపోతాయి.

కాగితాన్ని నీడలో పెట్టుకుని వెయ్యి. ఎండ పడిన కాగితం మీద రంగు ఉన్నదానికంటే తేలిగ్గా, వెలుతురుగా కనిపిస్తుంది. ఇంటికి తెచ్చి చూస్తే బొమ్మ నల్లగా, బరువుగా ఉంటుంది. కూర్చున్న వెంటనే నీడలు ఎటు పడ్డాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో, తర్వాత అవి జరిగినా మార్చకు. రెండు గంటలు దాటితే నువ్వు మొదలుపెట్టిన వెలుగు అక్కడ ఉండదు కాబట్టి చిన్న కాగితం మీదే వెయ్యి. వేసవిలో వాష్, అంటే నీళ్లు ఎక్కువ కలిపి పల్చగా పూసే రంగు, పూర్తయ్యేలోపే ఆరిపోతుంది, వానల్లో ఎంతసేపటికీ ఆరదు. ఆ చికాకు పడాల్సిందే. పల్చటి డ్రాయింగ్ షీట్ తడికి ముడతలు పడుతుంది. అన్నిటికీ కాకపోయినా మంచి బొమ్మలకైనా దళసరిగా ఉండే 300 జీఎస్‌ఎం కాగితం వాడు. ప్రతి బొమ్మ వెనక తేదీ, వేళ, అప్పటి వాతావరణం రాయి.

ఒంటరిగా దూరం వెళ్లొద్దు. నాన్నగారు చేలోకి వెళ్లేటప్పుడే వెళ్లు. పాములుంటాయి, గట్టు మీద కూర్చునే ముందు కర్రతో కొట్టి చూసుకో.

నాన్నగారి ఉత్తరం చదివితే నాకు ఒక లోటు కనిపిస్తోంది. నీ బొమ్మల్లో మనుషులు లేరు. ఫైన్ ఆర్ట్స్ ఎంట్రన్స్‌లో సాధారణంగా మెమరీ డ్రాయింగ్ ఉంటుంది. ఒక సంత, ఒక బస్టాండ్, ఒక పండుగ వేయమంటారు. మనుషులు లేకుండా అవి వేయలేవు. నాట్లు వేసే అమ్మల నడుములు ఎలా వంగుతాయో, కొబ్బరిచెట్టు ఎక్కేవాడి కాళ్లు ఎలా పట్టుకుంటాయో రోజూ పెన్సిల్‌తో గీసి చూడు. పొలంలో పనిచేసే మనిషిని వేయలేనివాళ్లు పొలాన్ని కూడా సగమే చూస్తారని నా నమ్మకం.

ఇక మళ్లీ మీతో, అయ్యా. ఒక ఆదివారం అమ్మాయిని రాజమండ్రి తీసుకెళ్లి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూపించండి. ఆ చిత్రకారుడు 1897లో అక్కడే పుట్టారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదువుకున్నారు. 1925లో మశూచితో పోయేనాటికి 28 ఏళ్లు కూడా నిండలేదు. మన గోదావరి సీమలో పుట్టిన బొమ్మల్ని కాగితం మీద అచ్చులో కాకుండా ఎదురుగా చూడడం మీ అమ్మాయికి అవసరం. మీకూ అవసరమే.

కాలేజీల విషయానికొస్తే, కడపలోని డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ బీఎఫ్‌ఏ ప్రవేశాలకు ఏడీసెట్ అనే ఎంట్రన్స్ పెడుతోంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. బయటి రాష్ట్రాల్లో అయితే శాంతినికేతన్‌లో 1919లో మొదలైన కళాభవన్, బరోడాలో ఎంఎస్ యూనివర్సిటీ పేరున్నవి. ప్రకృతిని చూసి వేసే సంప్రదాయం శాంతినికేతన్‌లో బలంగా ఉంది, మీ అమ్మాయికి అది సరిపోతుందనిపిస్తోంది. ఎంపీసీ ఉంది కాబట్టి ఆర్కిటెక్చర్ ఎంట్రన్స్ నాటా రాసి బీఆర్క్‌కు వెళ్లే దారీ ఉంది. కానీ కట్టడాల మీద ఇష్టం లేకుండా, మధ్యేమార్గం కదా అని అయిదేళ్ల కోర్సులో చేర్పించకండి. 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ కింద ఉన్న సీసీఆర్‌టీ నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్ ఇస్తుంది. వయసు రాగానే దరఖాస్తు చేయించండి.

వచ్చే ఫిబ్రవరిలో ఆ బొమ్మలన్నీ తేదీల వరుసలో నేల మీద పరచండి. దగ్గర్లో ఉన్న డ్రాయింగ్ మాస్టారిని పిలిచి చూపించండి. వానలోనూ, మంచులోనూ, పరీక్షల ఒత్తిడిలోనూ బొమ్మలు ఆగకుండా వచ్చి, మొదటిదానికీ చివరిదానికీ తేడా కనిపిస్తే బీఎఫ్‌ఏకు పంపండి, నేను పూర్తిగా ఆ పక్షమే. రెండు నెలలకే ఆగిపోతే మీరన్నట్టు ఆదివారం బొమ్మలే ఆమెకు మంచివి. ఈలోగా చదువు తగ్గనివ్వకండి. ఈఏపీసెట్, ఏడీసెట్ రెండూ రాయించండి. రెండు ర్యాంకులూ వచ్చాక అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని నిర్ణయం తీసుకోండి.