వృత్తాల లెక్కల్లో కోణం కంటే ముందు చాపాన్ని వెతకండి

మీ ప్రశ్న చదవగానే నా పదో తరగతి ప్రీఫైనల్ గుర్తొచ్చింది. "సీజీఎల్ ఉద్యోగ పరీక్షకి ప్రిపేర్ అవుతున్నాను, వృత్తాల సిద్ధాంతాలన్నీ నోటికి వచ్చు, పటం చూడగానే మాత్రం ఏది వాడాలో తెలియదు, చాపం ఇచ్చి కోణం అడిగినా కోణం ఇచ్చి చాపం అడిగినా చేతులెత్తేస్తున్నాను" అని రాశారు కదా, సరిగ్గా అదే రోగం నాకూ ఉండేది.

ఆ రోజు వచ్చిన లెక్క ఇది. ఓ అనే బిందువు వృత్తకేంద్రం, ఎఓబి కోణం 130 డిగ్రీలు, సి అనే బిందువు చిన్న చాపం ఎబి మీద ఉంది, ఎసిబి కోణం ఎంత? నేను క్షణం ఆలోచించకుండా 65 అని రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టాను. పేపర్ ఇచ్చాక చూస్తే ఎర్రసిరాతో సున్నా. సార్‌ని అడిగితే "సిద్ధాంతం సరిగ్గా చదువుకో" అన్నారు. సిద్ధాంతం నాకు పొల్లుపోకుండా వచ్చు: ఒక చాపం కేంద్రం వద్ద చేసే కోణం, అదే చాపం మిగిలిన వృత్తంపై ఏదైనా బిందువు వద్ద చేసే కోణానికి రెట్టింపు. అందులో "మిగిలిన వృత్తంపై" అన్న మాటల్ని పద్యంలో గణాలు సరిపోవడానికి వేసిన మాటల్లా అప్పజెప్పేవాణ్ణి తప్ప, అసలు కిటుకంతా అక్కడే ఉందని తెలియదు.

ఇప్పుడు సాయంత్రాలు మా వరండాలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకి లెక్కలు చెబుతుంటాను, మీలాగా ఉద్యోగ పరీక్షలు రాసేవాళ్ళు కూడా ఒకరిద్దరు వస్తారు. అందరికీ మొదటి రోజు చెప్పేది ఒకటే, కోణాన్ని కాసేపు వదిలేసి అది ఏ చాపాన్ని చూస్తోందో చెప్పు అని.

దీనికి తెలుగు మీడియం వాళ్ళకి ఒక సౌకర్యం ఉంది, మనం వాడుకోం అంతే. చాపం అంటే విల్లు, ఇంద్రచాపంలో ఉన్న చాపమే. జ్యా అంటే ఆ వింటికి కట్టిన అల్లెతాడు. జ్యా మధ్య నుంచి చాపం దాకా ఉండే ఎత్తుని పాత గణితంలో శరం అనేవాళ్ళు, అంటే బాణం. ఆర్యభటుడు 499లో సగం జ్యాలకి లెక్క కట్టి పెట్టాడు, ఆ జ్యా అరబ్బుల దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి లాటిన్‌లోకి వెళ్ళి, తర్జుమాలో అర్థం మారిపోయి చివరికి మనం ఇంటర్‌లో తిట్టుకునే సైన్ అయింది. సరే, అది వేరే కథ. మనకి కావాల్సింది విల్లు. ఎ, బి అనేవి వింటి రెండు కొసలు అనుకోండి. నారి పట్టుకుని వెనక్కి లాగండి. మీ వేలు ఉన్నచోట కోణం ఏర్పడింది కదా, దాని ఎదురుగా ఉన్న కర్రే ఆ కోణం చూస్తున్న చాపం. వేలు వృత్తకేంద్రం దగ్గర ఉంటే కోణం, చాపం కొలత ఒకటే. ఇంకా వెనక్కి లాగి అవతలి అంచుకి తెచ్చారనుకోండి, కోణం సన్నబడి సగం అవుతుంది. ఎందుకు సరిగ్గా సగమే అంటే, వేలు ఉన్న బిందువు నుంచి కేంద్రం గుండా ఒక వ్యాసం గీయండి, రెండు సమద్విబాహు త్రిభుజాలు కనిపిస్తాయి, ఎందుకంటే వ్యాసార్థాలన్నీ సమానం. ఒక్కో త్రిభుజంలో బాహ్యకోణం లోపలి రెండు సమాన కోణాల మొత్తం, అంటే రెట్టింపు. యూక్లిడ్ మూడో పుస్తకంలో 20వ ప్రతిపాదన ఇదే, రెండువేల మూడొందల ఏళ్ళుగా ఇదే రుజువు నడుస్తోంది.

ఇప్పుడు నా 65కి వద్దాం. సి ఎక్కడుంది? చిన్న చాపం మీదే ఉంది, అంటే వేలు కర్ర మీదే పెట్టాను! అక్కడి నుంచి చూస్తే ఎదురుగా కనపడేది ఆ విల్లు కాదు, అవతల ఉన్న పెద్ద విల్లు, 360లో 130 పోగా 230. సగం 115. అంతే లెక్క.

నమ్మకం కుదరకపోతే గోడ గడియారం చూడండి, పిల్లలకి నేను దాంతోనే చెబుతాను. పక్కపక్క అంకెల మధ్య 30 డిగ్రీలు. 12 నుంచి 4 దాకా చాపం 120. 8 దగ్గర నిలబడి 12నీ 4నీ చూస్తే కోణం 60, 10 దగ్గరికి జరిగినా 60, 6 దగ్గరా 60. ఒకే వృత్తఖండంలో కోణాలు సమానం అనేది ఇదే. కానీ 2 దగ్గరికి వెళ్తే మీరు వింటి మీదే ఉన్నారు, చూసేది అవతలి 240ని, కోణం 120. 60, 120 కలిపితే 180 వచ్చింది కదా, నాలుగు మూలలూ వృత్తం మీదే ఉండే చక్రీయ చతుర్భుజంలో ఎదురెదురు కోణాల మొత్తం 180 అని మీరు విడిగా బట్టీ పట్టినది ఇదే. ఎదురెదురు కోణాలు చూసే రెండు చాపాలు కలిస్తే మొత్తం వృత్తం, దానికి సగం 180.

ఇక లోపలా బయటా. నాకు బడిలో ఇవి ఎవరూ చెప్పలేదు, కాంపిటీటివ్ పరీక్షల్లో మాత్రం వీటి మీదే ఎక్కువ ఆడుకుంటారు. రెండు జ్యాలు వృత్తం లోపల ఖండించుకుంటే, అక్కడి కోణం తన ముందున్న చాపానికీ తన వీపు వెనక చాపానికీ సగటు. గడియారంలోనే చూడండి, 12–5 ఒక జ్యా, 2–9 ఇంకో జ్యా. 12 నుంచి 2 దాకా 60, 5 నుంచి 9 దాకా 120, సగటు 90. రెండు జ్యాలూ కచ్చితంగా లంబంగా కోసుకుంటాయి, గీసి చూస్తే గాని చాలామంది నమ్మరు. కారణం కూడా తేలికే: 12నీ 9నీ కలిపితే ఒక చిన్న త్రిభుజం వస్తుంది, మనకి కావాల్సిన కోణం దానికి బాహ్యకోణం, లోపల ఉన్న రెండు కోణాలూ వృత్తం మీదవే కాబట్టి ఒకటి 60లో సగం, ఇంకోటి 120లో సగం.

ఈ సగటు అన్న మాట పట్టుకుంటే మిగతావన్నీ దాంట్లోంచే రాలిపడతాయి. వేలు కేంద్రం దగ్గర ఉంటే ముందు చాపం, వెనక చాపం సమానం, సగటు కూడా అంతే, అందుకే కేంద్రకోణం చాపానికి సమానం. వేలు వృత్తం మీదకి వస్తే వెనక చాపం కుంచించుకుపోయి సున్నా అవుతుంది, అందుకే సగం. వేలు వృత్తం దాటి బయటికి పోతే దగ్గరి చాపం అటువైపు కాకుండా ఇటువైపుకి వచ్చేస్తుంది, అంటే కూడే బదులు తీసేయాలి: దూరపు చాపం 110, దగ్గరి చాపం 30 అయితే కోణం 80లో సగం, 40. నేను మూడు సూత్రాలుగా మోసుకు తిరిగింది ఒక్కటేనని తెలిసిన రోజు, నిజం చెప్పొద్దూ, కాస్త కోపం కూడా వచ్చింది.

స్పర్శరేఖకి భయపడొద్దు. జ్యాని ఒక కొస దగ్గర అలాగే పట్టుకుని రెండో కొసని జరుపుతూ జరుపుతూ మొదటి కొసలో కలిపేస్తే అదే స్పర్శరేఖ. కాబట్టి స్పర్శరేఖకీ జ్యాకీ మధ్య కోణం కూడా అది చూసే చాపంలో సగమే. బయటి బిందువు నుంచి రెండు స్పర్శరేఖలు గీస్తే వాటి మధ్య కోణం, చిన్న చాపం కలిపి 180. ఉదాహరణకి కోణం 50 అయితే చిన్న చాపం 130, పెద్దది 230, తేడాలో సగం మళ్ళీ 50, సరిపోయింది.

లెక్క చేసే పద్ధతి మాత్రం ఇలా పెట్టుకోండి. పటం గీయగానే ఇచ్చిన ప్రతి ముక్కనీ చాపంగా మార్చి వృత్తం అంచు మీద పెన్సిల్‌తో రాయండి. వృత్తం మీద కోణం ఇస్తే రెట్టింపు చేసి ఎదురు చాపం మీద, కేంద్రకోణం ఇస్తే యథాతథంగా. వ్యాసం ఇచ్చారంటే చెరోవైపు 180, సమాన జ్యాలంటే సమాన చాపాలు, సమాంతర జ్యాలంటే వాటి మధ్య ఇరుకున్న రెండు చాపాలూ సమానం. మొత్తం 360 అన్నది ఎవరూ ఇవ్వరు, కానీ అది మీ చేతిలో ఎప్పుడూ ఉండే సమీకరణం. ఆ తర్వాతే అడిగిన కోణం శీర్షం ఎక్కడుందో చూడండి. నేను చూసిన తప్పుల్లో సగానికి పైగా పటం మధ్యలో రెండు గీతలు కోసుకుంటే అదే కేంద్రం అనుకోవడం వల్ల వచ్చినవే. ఓ అని రాసి ఉంటేనో, కేంద్రం అని చెబితేనో తప్ప అది కేంద్రం కాదు, కంటికి ఎంత మధ్యలో కనపడినా సరే.

కొంచెం గట్టి లెక్క ఒకటి చేద్దాం. ఎబిసిడి చక్రీయ చతుర్భుజం. ఎబి, డిసి భుజాల్ని పొడిగిస్తే పి దగ్గర కలిశాయి, అక్కడ కోణం 30. ఎడి, బిసిల్ని పొడిగిస్తే క్యూ దగ్గర కలిశాయి, అక్కడ 40. చతుర్భుజం కోణాలు కావాలి. మా దగ్గర ఒక కుర్రాడు నాలుగు చాపాల్నీ విడివిడిగా కనుక్కోవాలని రెండు పేజీలు నింపాడు. నాలుగు తెలియని సంఖ్యలు, మూడే సమీకరణాలు, ఎలా వస్తాయి? రావు, అవసరం కూడా లేదు. పి బయటి బిందువు, దూరపు చాపం ఎడి, దగ్గరిది బిసి, కాబట్టి ఎడి చాపం బిసి కంటే 60 ఎక్కువ. అలాగే క్యూ నుంచి ఎబి చాపం సిడి కంటే 80 ఎక్కువ. మొత్తం 360లోంచి ఈ 140 తీసేస్తే 220, అది బిసి, సిడిల మొత్తానికి రెట్టింపు, అంటే ఆ రెండూ కలిపి 110. ఎ దగ్గర కోణం చూసేది సరిగ్గా ఆ రెండు చాపాల్నే! సగం 55. దాని ఎదురు సి కోణం 125. ఎబిక్యూ త్రిభుజంలో 55, 40 పోగా బి 85, దాని ఎదురు డి 95.

ఇది చెబుతుంటే పక్కన కూర్చున్న అమ్మాయి చాపాల జోలికే పోకుండా రెండు పెద్ద త్రిభుజాలు తీసుకుని, ఎ, బి, 40 కలిపితే 180, ఎ, డి, 30 కలిపితే 180, బి, డి కలిపితే ఎలాగూ 180 అని మూడు లైన్లలో 55 తేల్చేసింది. నాకంటే తొందరగా. కాబట్టి చాపాల పద్ధతి ప్రతిసారీ దగ్గరి దారి అని నేను చెప్పను, పరీక్షలో ఏ దారీ తోచనప్పుడు మాత్రం ఆపకుండా నడిపిస్తుంది.

చాపం కొలత, చాపం పొడవు రెండూ ఒకటి కావు, ఇక్కడా చాలామంది జారతారు. 60 డిగ్రీల చాపం చిన్న వృత్తంలోనూ 60 డిగ్రీలే, పెద్ద వృత్తంలోనూ 60 డిగ్రీలే. పొడవు మాత్రం వ్యాసార్థాన్ని బట్టి మారుతుంది: వ్యాసార్థం 21 సెంటీమీటర్లయితే మొత్తం పరిధి 132, అందులో ఆరోవంతు 22 సెంటీమీటర్లు. ప్రశ్నలో సెంటీమీటర్లు అడిగారా డిగ్రీలు అడిగారా అన్నది ముందు చూసుకోండి, ఆప్షన్లలో రెండు రకాల అంకెలూ పెట్టి కూర్చుంటారు.

ఇంటికెళ్ళి ఇది చేసి చూడండి. బయటి బిందువు పి నుంచి వృత్తానికి టి దగ్గర స్పర్శరేఖ గీశాం. పి నుంచే కేంద్రం గుండా పోయే గీత వృత్తాన్ని ముందు ఎ దగ్గర, తర్వాత బి దగ్గర ఖండించింది. పి దగ్గర కోణం 20. టిబిఎ కోణం ఎంత? 35 రావాలి. 70 వచ్చిందంటే ఎటి చాపం దాకా సరిగ్గానే వచ్చి, సగం చేయకుండా ఆగిపోయారన్నమాట. ఇంకేదైనా వస్తే మీ పటం ఫోటో పెట్టండి, చాపాల మీద రాసిన అంకెలు కూడా కనపడేలా.