ఫ్రాంచైజీ గడువు ముగిశాక హోటలు ఎవరిది?

బెంగళూరు మారతహళ్లిలో ఫ్రాంచైజీ (ఒక కంపెనీ పేరు, పద్ధతులు వాడుకునే ఒప్పందం) తీసుకుని బిర్యానీ హోటలు నడుపుతున్న నెల్లూరు సోదరుడొకరు అడిగారు: "వచ్చే ఏడాది ఒప్పందం ముగుస్తుందండీ. బోర్డు మార్చి, అదే చోట, అదే వంట మాస్టర్లతో సొంతంగా నడుపుకోవచ్చా?" ఊళ్లో పొలం అమ్మిన డబ్బుతో బెంగళూరు వచ్చి హోటలు పెడదామనుకునే మనవాళ్లందరూ వేసుకోవలసిన ప్రశ్న ఇది, అదీ సంతకానికి ముందు.

మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రధానంగా వర్తిస్తాయి. కాబట్టి మీ బాధ్యతలు చాలావరకు మీ ఒప్పంద పత్రంలోనే ఉంటాయి. రాయల్టీ (పేరు వాడుకున్నందుకు కంపెనీకి కట్టే వాటా) శాతం చూసినంత శ్రద్ధగా ముగింపు షరతులు కూడా చదవండి.

ముందుగా పేరు సంగతి. బోర్డు దించితే సరిపోదు. మెనూ కార్డులు, పార్సిల్ కవర్లు, బిల్లు మీది ముద్ర, పనివాళ్ల చొక్కాలు, స్విగ్గీ, జొమాటోలలో పేరు, ఫొటోలు, గూగుల్ మ్యాప్‌లోని వివరాలు, అన్నిటి నుంచీ ఆ గుర్తు పోవాలి. ఒక అక్షరం మార్చి అవే రంగుల్లో కొత్త బోర్డు కట్టిద్దామనే ఆలోచన వద్దు. చూసేవారిని భ్రమపెట్టేంత పోలిక ఉన్నా ట్రేడ్‌మార్కు ఉల్లంఘనే అవుతుంది, కోర్టు నిషేధ ఉత్తర్వు ఇవ్వగలదు. ఆర్డర్లు వచ్చే ఫోన్ నంబరును కంపెనీకి బదిలీ చేయాలనే షరతు ఉందేమో కూడా చూసుకోండి.

మరి బిర్యానీ అమ్ముకోవచ్చా? "ముగిశాక రెండేళ్లు ఇదే వ్యాపారం చేయరాదు" అని రాసి ఉంటే భయపడకండి. వ్యాపారం చేసుకోవడాన్ని అడ్డుకునే ఒప్పందం కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద సాధారణంగా చెల్లదు. అయితే ఒప్పందం నడుస్తున్న కాలానికి అలాంటి కట్టుబాటు చెల్లుతుందని 1995లో గుజరాత్ బాట్లింగ్, కోకాకోలా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని గడువు తీరకముందే పక్క వీధిలో మరో హోటలు తెరవకండి. కంపెనీ ఇచ్చిన మసాలా కొలతలు, వంట పద్ధతుల పుస్తకం తిరిగి ఇచ్చేయాలి. ఆ రహస్యాలు కాపాడాలన్న షరతు గడువు తర్వాత కూడా వర్తించవచ్చు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది అద్దె. ఫ్రాంచైజీ ఐదేళ్లకే తీసుకుని, భవనం తొమ్మిదేళ్లకు రాయించుకుంటే, పేరు పోయాక కూడా నెలనెలా అద్దె మీరే కట్టాలి. లాక్‌ఇన్ గడువు (మధ్యలో ఖాళీ చేయకూడదని రాసుకున్న కాలం) మిగిలి ఉంటే ఖాళీ చేసినా డబ్బు పోతుంది. కొన్ని ఒప్పందాలలో ఆ స్థలాన్ని తీసుకునే హక్కును కంపెనీయే ఉంచుకుంటుంది. అలాంటి షరతు ఉంటే, ఇంటీరియర్‌కు పెట్టిన సొమ్ముకు పరిహారం ఎంతో అక్కడే రాయించుకోండి. రెండు గడువులూ ఒకే రోజున ముగిసేలా మాట్లాడుకోవడం మంచిది.

పన్నుల విషయం సులువే. అదే సంస్థగా కొనసాగితే జీఎస్టీ, ఆహార భద్రత లైసెన్సులలో పేరు మార్పించుకోవాలి. మూసేస్తే జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దయ్యాక మూడు నెలల్లోగా తుది రిటర్ను వేయాలి. జీతాల బాకీలు ముందే తీర్చేయండి. మన మాటను నమ్మి వెంట వచ్చిన పిల్లలు వాళ్లు.

రాయల్టీ లెక్క తేల్చి, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. జరిమానా మొత్తం ఎంత భారీగా రాసి ఉన్నా, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు దానికి మించకుండా, సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది. ఇక వివాదం వస్తే మధ్యవర్తిత్వం ఏ నగరంలో జరుగుతుందో ఇవాళే చూసుకుని, గడువుకు ఆరు నెలల ముందే ఆ కాగితాలు లాయరుకు చూపించండి.