టామాక్సిఫెన్ వేసుకుంటే హార్మోన్ పెరుగుతుందా?

ప్రశ్న: నా వయసు 42. మాది ప్రొద్దుటూరు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయ్యాయి. నెలసరి ఇంకా వస్తోంది. టామాక్సిఫెన్ 20 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి చొప్పున ఐదేళ్లు వాడమన్నారు. ఇది ఈస్ట్రోజన్ రిసెప్టర్‌కే అతుక్కుంటుందని బి.ఫార్మసీ చదివే మా అమ్మాయి అంటోంది. ఆ హార్మోన్ వల్లే గడ్డ పెరిగిందన్నారు కదా! టెన్షన్‌తో పది రోజులుగా మాత్ర మానేశాను.

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమేనమ్మా, కాకపోతే సగమే చెప్పింది.

కడప బస్టాండులో కిటికీలోంచి సీటు మీద టవలు వేసేవాళ్లను చూసే ఉంటారు. టామాక్సిఫెన్ చేసేదీ అదే. రిసెప్టర్ అంటే కణంలో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ కూర్చునే సీటు. ఆ సీటును ముందే పట్టేస్తుంది. ఇది ఈస్ట్రోజన్‌లా స్టెరాయిడ్ (నాలుగు రింగులు కలిసి అతుక్కున్న అణువు) కాదు. రెండు కార్బన్ల మధ్య ఒక డబుల్ బాండ్, దాని చుట్టూ మూడు బెంజీన్ రింగులు, అంటే ఆరేసి కార్బన్ల వలయాలు. ఆ రింగుల వల్లే సీటులో సరిపోతుంది. అసలు పని మాత్రం ఒక రింగుకు వేలాడే తోకది. దాని చివర నైట్రోజన్ ఉంటుంది. ఈస్ట్రోజన్ కూర్చుంటే రిసెప్టర్‌లో తలుపులాంటి భాగం ఒకటి మూసుకుంటుంది, రొమ్ము కణం పెరగడం మొదలుపెడుతుంది. టామాక్సిఫెన్ తోక ఆ తలుపుకు అడ్డం పడుతుంది. తలుపు పడనిదే కండక్టరు రైట్ చెప్పడు కదా!

డబుల్ బాండ్ తిరగదు కాబట్టి రింగులు ఏ పక్కన ఉన్నాయన్నదీ ముఖ్యమే. దాన్నిబట్టి జెడ్, ఇ అని రెండు రూపాలు. జెడ్ రూపమే మందు. ఇ రూపం కాస్త ఈస్ట్రోజన్‌లాగే పనిచేస్తుంది, అందుకే మాత్రలో జెడ్ రూపం వాడతారు. ఈ సంగతి మీ అమ్మాయికి పరీక్షలో కూడా పనికొస్తుంది.

మీ భయంలో కొంత నిజం లేకపోలేదు. గర్భాశయంలో ఈ మందు కొంతవరకు ఈస్ట్రోజన్‌లా ప్రవర్తిస్తుంది. నెలసరి కాని రోజుల్లో రక్తం కనిపిస్తే వెంటనే గైనకాలజిస్టుకు చూపించండి. ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అప్పుడు ఆసుపత్రికి వెళ్లడంలో ఆలస్యం వద్దు.

ఒళ్లంతా గుప్పున వేడెక్కి చెమటలు పట్టడం మామూలే. మన మే నెల ఎండల్లో ఏది మందు వేడో, ఏది ఊరి వేడో తెలియదు! దానికోసం ఎవరైనా పారోక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్ అనే డిప్రెషన్ మందులు రాస్తే టామాక్సిఫెన్ వాడుతున్నట్టు చెప్పండి. టామాక్సిఫెన్‌ను కాలేయం ఎండాక్సిఫెన్ అనే పదార్థంగా మార్చాకే పూర్తి బలం వస్తుంది. ఆ రెండూ ఆ మార్పును తగ్గిస్తాయి.

1962లో ఇంగ్లండులోని ఐసీఐ కంపెనీలో డోరా రిచర్డ్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త టామాక్సిఫెన్‌ను తయారుచేసినప్పుడు వాళ్లు వెతుకుతున్నది గర్భనిరోధక మాత్ర కోసం. తీరా చూస్తే ఇది ఆడవాళ్లలో అండం విడుదలను పెంచింది! కాబట్టి నెలసరి తప్పినా, ఈ మాత్ర గర్భం రాకుండా ఆపుతుందని నమ్ముకోకండి. కడుపులో బిడ్డకు ఈ మందు హాని చేస్తుంది. కండోమ్ గానీ, కాపర్ టీ గానీ వాడాలి. హార్మోన్ పిల్స్ వద్దు.

వాపు, ఆయాసం, రక్తస్రావం లాంటివి లేకపోతే మీ డాక్టరుకు ఒక ఫోన్ చేసి ఈ రోజే మళ్లీ మొదలుపెట్టండి. మానేసిన పది మాత్రలూ కలిపి వేసుకునేరు, రోజుకు ఒక్కటే.